పద్నాలుగో నంబరు వరస

మేడింగ్ ఏడో పెన్సిలు చెక్కుతోంది. ఆటకు రెండు చాలు. కానీ ఒకదాని ములుకు విరిగితే, రెండోదీ విరిగితే, మూడోది జారి ఆటగాళ్ల కాళ్ల కింద పడితే, ఎవరైనా దాని మీద కాలేసి పడితే అని ఆలోచిస్తూ పోయి ఎనిమిదో పెన్సిలు దగ్గర ఆగుతుంది. పొట్టి మనిషి. యాభై రెండేళ్లు. మెడలో మేరీమాత బిళ్ల, కుడిచేతి మధ్యవేలి మీద పెన్సిలు ఒరిపిడికి కాసిన కాయ. తలెత్తి స్టేడియం కప్పుకేసి చూసింది. ఆ లైట్ల చట్రం ఎప్పుడో ఊడి పడుతుందని ఆమె భయం. నాలుగేళ్లుగా పడలేదు. అయినా చూస్తుంది.

"ఏం మేడింగ్, పెన్సిళ్ల దుకాణం పెడతావా ఏంటి?" అన్నాడు ఇసింగ్, వేరుశనక్కాయల పొట్లం విప్పుతూ.

"నవ్వకు అన్నా. పొద్దున అన్నం మాడింది."

"నీ అన్నం మాడని ఆదివారం ఎప్పుడుంది చెప్పు? మంట పెట్టి కిటికీలో నిలబడతావు, నీ కొడుకు జీప్నీ బండెక్కి మలుపు తిరిగేదాకా."

మనీలాలో ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ మొదలైనప్పటి నుంచి వాళ్లిద్దరిదీ ఆట లెక్కలు రాసే ఆ బల్లే. ఇసింగ్ ఆట చూసి చెబుతాడు. మేడింగ్ తల వంచుకుని రాస్తుంది. బంతి ఎవరు వేశారు, ఎవరు తప్పారు, తప్పి తిరిగొచ్చిన బంతిని ఎవరందుకున్నారు, అన్నీ గీతలే. ఒక్కో ఆటగాడికి ఒక్కో వరస. మొగుడు ఓడరేవులో మూటల కింద పడి చనిపోయాక ఆమె బడిలో ప్రశ్నపత్రాలు టైపు చేసి కొడుకును పెంచింది. ఆ టైపే ఇక్కడికి తెచ్చింది. ఆమె అచ్చు తీసిన అంకెలే మర్నాడు పత్రికల్లో వస్తాయి. వాటిని పట్టుకుని జీప్నీ డ్రైవర్లు వారమంతా కొట్టుకుంటారు. ఇన్ని ఆటలు రాసిన మనిషి ఒక్క ఆటయినా పూర్తిగా చూడలేదు.

చూసేదల్లా కొడుకు దాదో దిగినప్పుడే. సబ్బు కంపెనీ జట్టులో పద్నాలుగో నంబరు వాడిది. తల్లి రాస్తే జనం ఊరుకోరని మొదటి ఏడే ఇసింగ్‌తో ఒప్పందం చేసుకుంది. వాడు ఆటలోకి రాగానే పెన్సిలు ఇసింగ్‌కిచ్చి చేతులు ఒళ్లో పెట్టుకుంటుంది. వాడు కూర్చోగానే మళ్లీ తీసుకుంటుంది. వాడి వరసలో ఆమె చెయ్యి ఇంతవరకూ పడలేదు.

ఆ రోజు ఒప్పందం బరువుగా ఉంది. రేపు అమెరికా నుంచి ఏడడుగుల మనిషి దిగుతున్నాడు. జట్టులో ఒకడు ఖాళీ చెయ్యాలి. దాదో అయినా కావాలి, తొమ్మిదో నంబరు సలోంగా అయినా కావాలి. ఇవాళ్టితో కలిపి ఎవరి రీబౌండ్లు, అంటే తిరిగొచ్చి అందుకున్న బంతులు, ఎక్కువైతే వాడు ఉంటాడని కోచ్ ఇద్దరి ముందూ చెప్పాడు. ఆట మొదలయ్యేసరికి ఇద్దరివీ నలభై.

చివరి మూడు నిమిషాలకు దాదోని దింపారు. మేడింగ్ పెన్సిలు ఇచ్చేసింది. జనం బంతిని చూశారు. ఆమె కొడుకు ఎడమ మోకాలిని చూసింది. పోయిన వానాకాలం అది మడతపడినప్పటి నుంచి ఆమె చూపు అక్కణ్ణించి పైకి వెళ్లదు. బంతి బుట్ట అంచుకు తగిలి లేచింది. సలోంగా, దాదో భుజం భుజం రాసుకుంటూ చేతులు ఎత్తారు. ఇసింగ్ గబుక్కున గీత గీశాడు.

దాదో మడమలు నేల వదలలేదు.

గంట మోగింది. జనం లేచారు. ఇసింగ్ కాగితం ఆమె వైపు జరిపి చెవిలో అన్నాడు, "మీవాడికి నలభై ఒకటి. సలోంగా నలభై దగ్గరే ఉన్నాడు. ఇకనైనా తిన్నగా అన్నం వండుకో."

ఆమె అంకెల మీద వేలు పెట్టింది. "అన్నా, ఆ బంతి ఎవరిది?"

"చూశాగా. దాదోదే."

"వాడు ఎగరలేదు."

"నాలుగు చేతులున్నాయక్కడ. ఏది ఎవరిదో దేవుడికి తెలుసు."

"కాళ్లూ నాలుగే కదా. రెండే లేచాయి."

ఇసింగ్ గొంతు తగ్గించాడు. "పిచ్చిదానా, ఒక్క గీతే కదా. ఎవరు చూశారు? అయినా వాడి వరస ముట్టనని ఒట్టేసింది నువ్వు కాదూ?"

"వేశాను."

ఆమె రబ్బరు తీసుకుంది. పద్నాలుగో వరసలో గీత చెరిపి తొమ్మిదో వరసలో గీసింది. న్యాయం కోసం చేసిందో, ఆ మోకాలు ఇంకో ఏడు ఎగిరితే విరుగుతుందన్న భయంతో చేసిందో ఆమెకే తెలియలేదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు. ఇసింగ్ వేరుశనగ తొక్కలు అరచేత్తో దగ్గరికి తీసుకున్నాడు.

ఆమె నకళ్లు తీసే మైనపు కాగితం ఎక్కించి టైపు కొట్టింది. దాదో వరసలో వేసినవి సున్నా, రీబౌండ్లు సున్నా, ఫౌళ్లు ఒకటి. మొదటి ప్రతి కోచ్ పట్టుకెళ్లాడు.

పావుగంటలో దాదో వచ్చాడు. మామూలు చొక్కా, కాళ్లకు రబ్బరు చెప్పులు.

"అమ్మా, నేను ముందెళ్లనా? పాలు తీసుకెళ్తాను."

"కోచ్ ఏమన్నాడు?"

"ఏమంటాడు. థాంక్స్ అన్నాడు." నవ్వబోయాడు. "ఒక్కటే తేడా అంటమ్మా."

"ఆ గీత నేనే మార్చానురా."

వాడు కాసేపు ఆమె వేలి మీది కాయనే చూశాడు.

"బంతి సలోంగాదే," అన్నాడు. "వచ్చేటప్పుడు ఆ లైట్ల కింద నిలబడకు, నీకసలే భయం."

మెట్లు దిగి వీధి గేటు వైపు వెళ్లిపోయాడు. కొద్దిగా కుంటుతున్నాడు. జనం వాణ్ణి తోసుకుని పోతున్నారు, ఎవరూ గుర్తుపట్టలేదు.

మేడింగ్ మిగతా ప్రతులు తీసి పత్రికల వాళ్లకిచ్చి, బల్ల తుడిచి, ఆటగాళ్ల కుర్చీల పక్క నుంచి బయటికి నడిచింది. చివరి కుర్చీ కింద దాదో విడిచిన కంపెనీ బూట్లు, ఇంటి గుమ్మం ముందు విడిచినంత పొందికగా, తాళ్లు లోపలికి మడిచి ఉన్నాయి. పక్కకు ఒరిగిన ఎడమ బూటు అడుగున కంపెనీ పేరు ఇంకా అరగకుండా, అక్షరం అక్షరం చదవడానికి వీలుగా ఉంది.