పెద్దకోడలి జామీను

ఆస్పత్రిలో పొద్దుట్నుంచి దుప్పట్లు ఉతికొచ్చిన మనిషి, ఇంటికొచ్చి ఇంటెడు బట్టలూ పిండుతోంది పెద్దకోడలు. అప్పుడొచ్చింది అత్తగారు, గొంతులో ఎక్కడలేని తీపి పోసుకుని. "అమ్మా, నీ జీతం చీటీ ఎక్కడ పెట్టావే?"

పన్నెండేళ్ళ కాపురంలో ఆవిడ నోట "అమ్మా" అన్న పిలుపు అదే మొదలు. వినగానే ఏదో ముంచుకొస్తోందని అర్థమైంది.

సంగతేమిటంటే, మరిది జైల్లో ఉన్నాడు. చెప్పకుండా పుట్టింటికి ఫోను చేసిందని పెళ్ళాం చెయ్యి విరగ్గొట్టాడు మహానుభావుడు. బెయిలైతే ఇచ్చారు గానీ, పర్మనెంటు ఉద్యోగం ఉన్నవాళ్ళెవరైనా జామీను సంతకం పెట్టాలన్నారు. మామగారు పని మానేసి ఏళ్ళయింది. మొగుడిది ఇవాళుంటే రేపుండని పని. ఇంత ఇంటికీ పర్మనెంటు అన్నది ఈవిడ దుప్పట్ల ఉద్యోగమొక్కటే. "అదీ ఒక ఉద్యోగమేనా" అని నవ్విన మొగుడే ఆ చీటీని జేబులో భద్రంగా పెట్టుకుని, ఆవిణ్ణి వెంటేసుకుని కోర్టుకి నడిచాడు. "ఒక్క సంతకమేగా! వాణ్ణేమన్నా నెత్తిన మొయ్యాలా?" అన్నాడు.

మొయ్యడం కాక మరేమిటి? ప్రతి సోమవారం వాడు స్టేషన్లో కనబడాలి, పెళ్ళాం ఉంటున్న వీధిలో అడుగు పెట్టకూడదు. "తేడా వస్తే జవాబు చెప్పాల్సింది నువ్వేనమ్మా," అన్నాడు కోర్టు గుమాస్తా, ఆవిడ చేత సంతకం పెట్టించుకుంటూ. ఇక సోమవారం వస్తే చాలు, వాణ్ణి లేపడం, చొక్కా అందించడం, స్టేషను దాకా తోలుకెళ్ళడం, ఆస్పత్రిలో ఆలస్యానికి మాటపడటం. "నేను పారిపోతే నిన్నేగా లోపలేస్తారు వదినా! భయపడకు, అప్పుడు నీకు నేనుంటాలే జామీను," అని వాడంటే ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది, అలవాటు కొద్దీ.

వాయిదా రోజున కోర్టు వరండాలో ఒక ముసలావిడ కనబడింది. కొడుకు సైకిలెత్తుకెళ్ళాడని కేసట. పూచీ పడేవాళ్ళు లేక ఆర్నెల్లుగా లోపలే ఉన్నాడట. "నీలాంటి వదినుంటే మావాడూ బయటుండేవాడు తల్లీ," అంది. చెయ్యి విరిచినవాడు ఫ్యాను కింద, సైకిలు కేసువాడు కటకటాల వెనక. మధ్యలో ఉన్నదల్లా తన జీతం చీటీ. ఆ ముసలావిడ మొహంలోకి చూడలేకపోయింది.

నెల తిరక్కుండానే తోటికోడలు కట్టు విప్పించుకోవడానికి ఆస్పత్రికొచ్చింది. నడవాలో ఈవిణ్ణి ఆపింది.

"అక్కా, నిన్న మా ఇంటి ముందు నిలబడి ఈల వేశాడు. పోలీసులకి చెబితే, జామీనుంది మీ తోటికోడలేగా, ఆవిడ చూసుకుంటుందిలే అన్నారు." మెల్లగా అంది. "నువ్వు సంతకం పెట్టావని విన్నప్పుడు నాకు ధైర్యమొచ్చిందక్కా. వాణ్ణి ఆపగలవు కాబట్టే పెట్టావనుకున్నా."

నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. పెద్దకోడలు దుప్పట్ల బండి తోసుకుంటూ ముందుకు నడిచింది.

ఇంట్లో చెబితే, "పెళ్ళాం గుమ్మంలో మొగుడు నిలబడితే నేరమా?" అంది అత్తగారు. మొగుడేమో, "నువ్వే కాస్త కనిపెట్టి ఉండాల్సింది," అన్నాడు. కన్నావిడుంది, పెంచినాయనున్నాడు, తోడబుట్టినవాడున్నాడు, కాపలా మాత్రం పరాయింటి నుంచి వచ్చిన తనదట!

మర్నాడు పనికి సగం పూట సెలవు పెట్టి కోర్టు గుమాస్తా ముందు నిలబడింది. జామీను వెనక్కి తీసుకోవచ్చా అంది.

"తీసుకోవచ్చు. ఇంకెవరూ పూచీ పడకపోతే మళ్ళీ లోపలికెళ్తాడు. ఇంట్లో అడిగొచ్చావా?"

"అర్జీ కాయితం ఇవ్వండి బాబూ."

ఇచ్చాడు.  కారణం రాయమన్న చోట ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసింది: "ఇతన్ని నేను ఆపలేను. ఆపగలిగినదానిలా సంతకం పెట్టి ఒక ఆడపిల్లను నమ్మించాను."