తుత్తం కలిపిన లై

1997 జులై 12, శనివారం, మధ్యాహ్నం ఒంటిగంటన్నర. లాల్‌దర్వాజాలో నేను అద్దెకున్న ఇంటి కింది వాటా. ఆ గదిలో అప్పుడు ఉన్నవారు: పుస్తకాలకు జిల్దులు కట్టే కృపాకర్, అతని ఆరేళ్ల కూతురు దీవెన, ఆశి అని పిలుచుకునే రెండున్నరేళ్ల కొడుకు ఆశీర్వాదం, శ్రీహరిరావు అనే నేను. కృపాకర్ భార్య షారోన్ వీధి కుళాయి దగ్గరనుంచి బిందెతో అప్పుడే గుమ్మంలోకి వస్తున్నది.

ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం, ఆ సాయంత్రంలోగా ముగ్గురు మనుషులు మమ్మల్ని ఇవే వివరాలు మూడుసార్లు అడగడం.

వాళ్లకున్నది ఒకటే గది. గోడవారన పుస్తకాలను బిగించి ఉంచే మరచెక్క, దాని పక్కన కిరోసిన్ స్టవ్, స్టవ్ పక్కన బియ్యం డబ్బా. షారోన్ మడిచిన కాగితాల ఫారాలు కుట్టేది, కృపాకర్ అట్టలు వేసేవాడు. కత్తిరించిన కాగితపు చీలికలు మూలన గుట్టగా పడేవి. ఆశి నడక నేర్చింది ఆ గుట్టలోనే, నిద్రపోయేదీ తరచుగా దానిమీదనే.

లై అంటే మైదాపిండి ఉడికించి చేసే జిగురు. దానివిషయంలో ఆ ఇంట్లో ఒక అలవాటు ఉండేది. పొయ్యి మీదినుంచి దించగానే కృపాకర్ మొదటి గరిటె తీసి, చక్కెర చల్లి, పిల్లల అరచేతుల్లో పెట్టేవాడు. వాళ్ల నాయనమ్మ సుశీలమ్మ అతనికి చిన్నప్పుడు అలాగే పెట్టేదట. ఆఫీసు రిజిస్టర్లు వచ్చినప్పుడు మాత్రం పురుగు పట్టకుండా లైలో నీలంగా ఉండే మైలుతుత్తం కలపాలి. చిటికెడు వేస్తే లైకి రంగు తేలదు, కాని అది విషం. ఆ రోజుల్లో పిల్లలిద్దరినీ సంతోష్‌నగర్‌లో ఉన్న సుశీలమ్మ ఇంటికి పంపించి, తలుపు వేసుకుని పనిచేసేవాడు.

నా పుస్తకాలు పదకొండు. అంతకుముందు ఏడాది కట్టించిన వాటిని పురుగు తొలిచింది. అందుకని ఈసారి పత్తర్‌గట్టిలో నేనే తుత్తం పొట్లం కొని తెచ్చి, శనివారం పొద్దున అతని ముందు పెట్టాను.

"ఇయ్యాల పిల్లలు ఇంట్లున్నరు సార్," అన్నాడు కృపాకర్. "సోమవారం కలుపుత."

"ఇప్పటికే నెల అయింది. వేరే గిన్నెలో కలపవయ్యా. నా పుస్తకాలకు ఆ గిన్నె, మిగతా వాటికి ఈ గిన్నె."

"ఒక చిటికెడు ఏస్త మరి."

"రెండు వేయి. పోయినసారి ఏమైందో చూశావుగా."

సోమవారం దాకా ఆగకూడని అవసరమేదీ నాకు లేదు. ఆ సంగతి అప్పుడు నాకు తోచలేదు. అతను కలిపేదాకా గుమ్మంలో నిలబడి, తుత్తం కలిపిన సిల్వరు గిన్నెనూ, కలపని సొట్ట గిన్నెనూ, అతని చేతివేగాన్నీ చూసి తృప్తిపడి పైకి వెళ్లాను. ఒంటిగంటన్నరకు ఉండబట్టక మళ్లీ దిగివచ్చాను. అట్టలు ఎండకముందే తాకిచూసే అలవాటు నాకున్నది.

దీవెన కాగితాలు మడుస్తున్నది. కృపాకర్ మాకు వీపు తిప్పి మరచెక్క బిగిస్తున్నాడు. ఆశి కాగితపు గుట్టలో కూర్చుని వేళ్లు నాకుతున్నాడు. ఒళ్లో ఒక గిన్నె ఉన్నది. నేనది చూశాను. చూసి కూడా, పిల్లవాడు ఎప్పుడూ చేసే పనే గదా అనుకుని, అట్టలవైపు తిరిగాను.

షారోన్ బిందె దించింది. "ఏం తింటున్నవ్‌రా?"

"లై," అన్నాడు ఆశి.

కృపాకర్ ఒక్క అంగలో వచ్చి గిన్నె లాక్కున్నాడు. అంచు తడిమి చూశాడు. "సొట్ట గిన్నె. దీంట్ల తుత్తం లేదు," అని గోడకు ఆనుకున్నాడు. నేనూ ఊపిరి వదిలాను. షారోన్ మాత్రం కదలలేదు.

"నోట్లె ఏస్కొని జూడు," అన్నది.

అతను వేలితో తీసి నాలుకకు రాసుకున్నాడు. వెంటనే ఉమ్మేశాడు. రెండో గిన్నె రుచి చూశాడు, అదీ ఉమ్మేశాడు. తరువాత నేలమీద ఉన్న కుంచెను చూశాడు. ఆ గదిలో ఉన్నది ఒకటే కుంచె. పొద్దుటినుంచి ఒక అట్టకు ఈ గిన్నెలో, మరొక అట్టకు ఆ గిన్నెలో, ఇరవై ఏళ్ల అలవాటున చెయ్యి దానంతటది ముంచుతూనే ఉన్నది.

"రెండు వగరే ఉన్నయ్," అన్నాడు.

"ఎంత తిన్నడు?"

"ఏడుస్తుండె మమ్మీ," అన్నది దీవెన. "నేనే ఇచ్చిన. సొట్ట గిన్నె మంచిదే గదా అని ఇచ్చిన."

"నువ్వు తిన్నవా?"

"లే."

"నోరు తెరువు."

దీవెన నోరు తెరిచింది. షారోన్ వంగి వాసన చూసింది, నాలుక చూసింది, నమ్మకం కుదరక తన వేలితో పళ్లు తుడిచి ఆ వేలు నాకింది. ఆమె కూతురిని ఒక్క దెబ్బ కూడా వేయలేదు. ఇద్దరినీ చెరొక చంకన వేసుకుని వీధిలోకి నడిచింది.

ఆటోలో నేను డ్రైవరు పక్కన ఇరుక్కున్నాను. శాలిబండ దగ్గర బండ్లు ఆగిపోయాయి. ఆశి తల్లి చెంగుమీద వాంతి చేసుకున్నాడు. షారోన్ కట్టుకున్నది నీలం చీర. సర్కారు దవాఖానలో డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్న వాంతి ఏ రంగులో ఉందని. ఆ చెంగును నలుగురం నాలుగువైపులనుంచి పట్టి వెలుతురుకు తిప్పిచూశాం. ఎవరమూ చెప్పలేకపోయాం.

"ఎంత పిండికి ఎంత కలిపారు?"

"సేరు మైదాకు రెండు చిటికెలు మేడం," అన్నాడు కృపాకర్. నావైపు చూడలేదు.

కోడిగుడ్ల తెల్లసొన తాగించారు. నీళ్లు ఎక్కించారు. ఆరుగంటల దాకా చూడాలన్నారు. మళ్లీ వాంతి అయినా, మూత్రం రాకపోయినా వెంటనే పిలవమన్నారు. అప్పటికి మూడు కాలేదు.

ఆశికి మంచం మీద కుదురుగా ఉండడం తెలియదు. సూది ఉన్న చెయ్యి షారోన్ పట్టుకుంటే, రెండో చేత్తో పక్క మంచం వాళ్ల గ్లాసు లాగాడు. దగ్గితే ముగ్గురం లేచాం. ఆవలిస్తే లేచాం. నేను వరండాలోకి వెళ్లి గడియారం చూసి వచ్చాను, కూర్చోలేక మళ్లీ వెళ్లాను. కృపాకర్ గోళ్లలో ఎండిన లైని గీకుతూ, ఆ పొట్టు ఎక్కడ పారేయాలో తెలియక జేబులో వేసుకుంటున్నాడు. దీవెన నిమిషానికోసారి తమ్ముడి పెదవులు ముట్టుకుని చూస్తున్నది.

"ఇగ ఇంట్ల లై గిన్నె వద్దు," అన్నది షారోన్.

"ఇంట్ల గాకుంటె ఏడ జెయ్యాలె? రోడ్డు మీదనా?"

"రోడ్డు మీదనే జెయ్యి. మస్తు గాలొస్తది."

నాలుగున్నరకు ఆశి పక్క తడిపాడు. ఆ తడిసిన దుప్పటిని షారోన్ ఒళ్లోకి లాక్కుని, ఎవరినీ పిలవకుండా, కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నది.

ఆరింటికి డాక్టరమ్మ నాడి చూసి, కళ్లు చూసి, ఇంటికి తీసుకుపోవచ్చన్నది. విషం కేసు గనుక పోలీసుల కాగితం పూర్తికావాలన్నది. దవాఖాన పోలీసు చౌకీనుంచి కానిస్టేబుల్ ఎల్లయ్య అట్టపలక పట్టుకుని వచ్చాడు.

"జిల్దులు కట్టెటోనివా? పిల్లగాన్ని గూడ అట్టల్ల పెట్టి బిగించకపోయినవ్, ఒక్కకాడ ఉంటుండె," అంటూ కూర్చున్నాడు. "ఊ, చెప్పు. ఇంట్లకు తుత్తం ఎట్లొచ్చింది?"

"నేనే తెచ్చిన. నేనే కలిపిన," అన్నాడు కృపాకర్.

ఎల్లయ్య రాసి, చదివి వినిపించాడు: "పై చెప్పిన తుత్తమును నేనే కొని తెచ్చి, పిల్లలు ఇంట నుండగా జిగురులో కలిపినాను." ఆ వాక్యం నా చెవిన పడింది. నోరు తెరవవలసింది నేను. తెరవలేదు. దినమంతా కాలు నిలవని నేను, అప్పుడు మాత్రం స్తంభంలాగా నిలబడ్డాను.

"అది తప్పు," అన్నది షారోన్. "కొన్నది సారు."

"ఊకో షారోన్."

"ఎందుకూకోవాలె? రేపు వీడు పెద్దగయినంక, నాయనే తుత్తం కొని తెచ్చిండని కాయితం మీద ఉంటది. నేను సారును ఏమంటలేను. ఉన్నది రాయమంటున్న."

ఎల్లయ్య కలం ఎత్తి నన్ను చూశాడు. "ఏం సార్? నిజమేనా?"

"నిజమే," అన్నాను. "కొన్నది నేను. అతను సోమవారం కలుపుతానంటే వినకుండా ఇవాళే కలపమన్నది నేను. ఒక చిటికెడు చాలన్నా రెండు వేయించింది నేనే."

"అంత కథ వద్దు సార్, జాగ లేదు. ఒక్క లైన్ రాస్త."

"మూడూ రాయండి. పక్కన ఖాళీ ఉంది."

అతను విసుక్కుంటూ పాత వాక్యం కొట్టివేసి, అంచులో సన్నటి అక్షరాలతో ఆ మూడు మాటలూ రాశాడు. కొట్టివేత పక్కన కృపాకర్ పొడి అక్షరాలు పెట్టాడు. కింద అతను సంతకం చేశాడు. షారోన్ పిల్లవాణ్ని భుజం మార్చుకుని సంతకం చేసి, కలం నా చేతికిచ్చింది. నేను ఇంటిపేరుతో సహా పూర్తిగా రాశాను. ఎల్లయ్య సిరా ఆరేదాకా ఊది, కాగితాన్ని అంచులు కలవకుండానే నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు.