తొక్కరాని గడప

దాహంతో మొగిలమ్మ నాలుక పిడచగట్టుకుపోయింది. చెంబు చేతికందే దూరంలోనే ఉంది. బయట నల్లాలో ధర్మసాగర్ చెరువు నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. అయినా తాగదు. తాగితే పాయఖానాకు పోవాలి, పోవాలంటే గడప దాటాలి.

ఖిలా వరంగల్ దారిలో మిల్లు కార్మికులకు కాలనీ కట్టినప్పుడు, మోరీ నీళ్లు లోపలికి రాకుండా ప్రతి ఇంటికీ జానెడెత్తు బండ గడప వేశారు. అవతల మరింత పల్లం. ఇళ్ల వరస మొత్తానికీ చివరన ఒకటే పాయఖానా. దానికి నిట్రంగా మూడు మెట్లు, పట్టుకుందామంటే ఒక కడ్డీ అయినా లేదు. ఆ నక్షా గీసినవాళ్లకు తల్లులు లేరేమో, ఉన్నా ముసలివాళ్లు కారేమో! మొగిలమ్మ బతుకంతా మిల్లులో నిలబడి నూలు చుట్టింది. మోకాళ్లు అక్కడే అరిగిపోయాయి.

గడప మీద కాలు ఆనిస్తే ఎలాగో దిగగలదు. కానీ గడప తొక్కకూడదు, దాని మీద కూర్చోకూడదు. విజయలక్ష్మి కోడలిగా వచ్చిన కొత్తలో పొరపాటున గడప తొక్కితే, వాడంతా వినేటట్టు తిట్టింది మొగిలమ్మే. ఆనాడు కోడలికి చెప్పిన బుద్ధి ఈనాడు అత్తకే అడ్డమొచ్చింది.

నీళ్లు తాగకపోతే మూత్రం బంద్ అవుతుందని దవాఖానలో డాక్టరు గట్టిగానే చెప్పాడు. గడప చెక్కించమని కొడుకు రాజమల్లును అడిగితే ఇంటికి అరిష్టమన్నాడు. నిన్న కోడలు బీడీల చాట పక్కన పెట్టి, గడప దాటించడానికి వచ్చేలోపే మొగిలమ్మ చీర తడిసిపోయింది. విజయలక్ష్మి ఒక్క మాట అనకుండా ఉతికి ఆరేసింది. తిట్టినా బాగుండుననిపించింది ముసలిదానికి.

ఇవాళ శుక్రవారం. విజయలక్ష్మి గడప కడిగి పసుపు రాస్తోంది. మొగిలమ్మ కాసేపు చూసి, చెంబెత్తి గటగటా తాగేసింది. కడుపు బరువెక్కేదాకా కూర్చుని, గోడ పట్టుకుని లేచింది. అత్త పాదం ఎక్కడ పడబోతోందో కోడలు కనిపెట్టింది.

"తొక్కకత్తా. లచ్చిమి పోతది."

"లచ్చిమి అడ్డం కూసుంటే నేనెటుకెళ్లి పోవాలె బిడ్డా?"

తడి పసుపు నడిమధ్య పాదం ఆనించి మొగిలమ్మ అవతలికి దిగింది.

వాకిలి దాటి వరస చివరిదాకా ఒంటికాలి పసుపు ముద్రలు పడ్డాయి, పోను పోను పలచబడుతూ. పాయఖానా మొదటి మెట్టు మీద కాలు పెట్టి, మొగిలమ్మ పట్టు కోసం చేయి చాచింది. అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు.