అత్తకు అంటని నలుసు

మా అన్నయ్యా నేనూ మాట్లాడుకోక చాలాకాలమైంది. ఏదైనా చెప్పుకోవాలంటే మధ్యలో వదిన ఉండాలి. ఆ రోజు స్కానింగ్ సెంటర్లో కూడా అంతే. అన్నయ్య కుడికాలు మొద్దుబారిపోయి అడుగు వెయ్యలేని పరిస్థితి. నడుము లోపల ఏ నరం నలిగిందో చూడందే ఆపరేషన్ సంగతి చెప్పలేమన్నాడు డాక్టరు. మోసుకెళ్ళడానికి ఒక భుజం కావాలి కాబట్టి వదిన నాకు ఫోన్ చేసింది. భుజానికైతే నేను గుర్తొస్తాను.

"చెయ్యి కాస్త మెల్లగా పట్టుకోమని చెప్పు మీ మరిదికి" అన్నాడు అన్నయ్య, నా భుజం మీదే వేలాడుతూ.

"బరువు కాస్త తగ్గమని చెప్పు వదినా మీ ఆయనకి" అన్నాను నేను.

"ఇద్దరికీ కలిపి నేనే చెప్తున్నా, నోరుముయ్యండి" అంది వదిన.

లోపలి గదికి ముందు చిన్న గది ఉంది. మూడు కుర్చీలు, ఒక బల్ల, గోడ మీద అయస్కాంతం బొమ్మకు అడ్డంగా ఎర్ర గీత. టెక్నీషియన్ అమ్మాయి వచ్చి ప్రశ్నలు మొదలుపెట్టింది. గుండెకు మిషనుందా, ఎముకల్లో రాడ్లున్నాయా అని వరసగా అడిగి, "ఎప్పుడైనా కంట్లో ఇనుప ముక్కలాంటిది పడిందా అంకుల్? మీరు వర్క్‌షాపులో చేశారు కదా, బాగా గుర్తుచేసుకోండి" అంది.

"పడిందమ్మా. కానీ అప్పుడే మా అత్త తీసేసింది."

"ఓహో. ఆవిడ కంటి డాక్టరా?"

నేను ఆపుకోలేకపోయాను. నవ్వి చాలా రోజులైందేమో, నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్నయ్య మాత్రం గంభీరంగా చొక్కా జేబులో చెయ్యి పెట్టి, అరచేతంత నల్లటి గుండ్రటి అయస్కాంతాన్ని బయటికి తీశాడు.

"ఇదే అత్త" అన్నాడు.

ఆ అమ్మాయి ఒక్క అంగలో లోపలి గది తలుపుకు అడ్డంగా నిలబడింది. "అయ్యో అంకుల్! లోపలి ఎమ్మారై మిషనే పెద్ద అయస్కాంతం, దీన్ని అక్కడికి తెచ్చుంటే ఏమయ్యేదో తెలుసా? అసలెందుకు తెచ్చారు?"

"ధైర్యానికి" అన్నాడు అన్నయ్య, పిల్లాడిలా.

ఆ అయస్కాంతాన్ని చూసి ఎన్నేళ్ళయిందో. అంచు మీద పెచ్చూడిన చోటు అలాగే ఉంది.

మా నాన్నది లేతు మిషన్ షాపు. ఇనుమూ ఇత్తడీ రెండూ దాని మీద తిప్పి చెక్కేవాళ్ళం. సాయంత్రమయ్యేసరికి మిషన్ల కింద రజను కుప్పపడేది, రెండూ కలిసిపోయి. ఇత్తడిలో ఇనుము కలిస్తే కరిగించేవాడు తీసుకోడు. అందుకని పాడైపోయిన పెద్ద లౌడ్‌స్పీకర్ నుంచి నాన్న ఈ అయస్కాంతాన్ని ఊడదీశాడు. దానికి గుడ్డ ముసుగు కట్టి కుప్ప మీద తిప్పితే ఇనుప రజనంతా లేచొచ్చి అంటుకునేది. గుడ్డ విప్పితే జలజలా రాలిపోయేది. కుప్పలో ఎంత చిన్న ముక్కున్నా వెతికి పట్టుకుంటుంది కాబట్టి దానికి అత్త అని పేరు పెట్టాడు నాన్న. కోడలి తప్పులు ఏరే అత్తలాగా. "ఒరే, అత్తకు గడ్డం వచ్చింది, గీసెయ్" అని కేకేసేవాడు. ఆ గడ్డం గీసే పని నాది. అన్నయ్యకు లేతు, నాకు చీపురూ అత్తా. చదువు మానిపించి నన్ను అక్కడ నిలబెట్టినందుకు ఇప్పటికీ నాన్న మీద నాకు కోపమే. కానీ ఆ షాపులోని నూనె వాసన, బెల్టు చప్పుడు, కిటికీలోంచి పడే ఎండలో ఇత్తడి రజను బంగారంలా మెరవడం, ఇవేవీ నా కోపాన్ని లెక్కచెయ్యవు. గుర్తొచ్చినప్పుడు వచ్చేస్తాయి.

నాకు మీసం మొలిచిన రోజుల్లో ఒకసారి అన్నయ్య మిషన్ ముందు కన్ను పట్టుకుని కూలబడ్డాడు. నాన్న పరిగెత్తుకొచ్చాడు. "అత్తను తీసుకురండ్రా!" అని అరిచాడు. అన్నయ్యను బల్ల మీద పడుకోబెట్టి, రెప్ప పైకెత్తి పట్టుకుని, అత్తను కంటి దగ్గరికి తెచ్చాడు. తర్వాత గుడ్డ మీద ఒక చిన్న నల్ల నలుసు చూపించి, "ఇదిగో, వచ్చేసింది" అన్నాడు. కేక విని వచ్చిన అమ్మ ఏడ్చింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

ఆ గుడ్డ మేం రోజూ వాడే గుడ్డే. దాని నిండా నలుసులే, నాన్న చూపించింది కంట్లోంచే వచ్చిందని ఏమిటి నమ్మకం? ఆ మాట నాకు అప్పుడే తట్టింది కానీ పైకి అనలేదు. తర్వాతెప్పుడో ఒకసారి అంటే, "నాన్న నన్ను కాపాడాడని నీకు కుళ్ళు" అన్నాడు అన్నయ్య. నాన్న పోయేముందు, "నీ కన్ను కాపాడింది, నీ దగ్గరే ఉండనీ" అని అత్తను వాడికే ఇచ్చాడు. రోజూ దాని గడ్డం గీసింది నేను. ఇంతోటి రాయి కోసం మాటలు మానుకుంటారా అని వదిన ఎన్నిసార్లు అడిగిందో. రాయి కోసం కాదని ఆవిడకు ఎలా చెప్పను?

"ముందు కంటికి ఎక్స్‌రే తీద్దాం" అంది టెక్నీషియన్. "కంట్లో ఇనుము ఏమాత్రం మిగిలున్నా మా మిషన్ దాన్ని కదిలించేస్తుంది. చూపే పోవచ్చు."

"లేదంటే వినవేంటమ్మా? మా నాన్న తీశాడు" అన్నాడు అన్నయ్య.

"ఎక్స్‌రే తియ్యనివ్వమని చెప్పు వదినా" అన్నాను నేను.

కంటి ఎక్స్‌రే తీసి మళ్ళీ అదే గదిలో కూర్చోబెట్టారు. ఫలితం వచ్చేదాకా పని లేదు కాబోలు, ఆ అమ్మాయి అత్తను బల్ల మీద పెట్టుకుని చూస్తోంది. ఊరికే కూర్చోలేక అడిగాను, ఇది ఇనుమునే పట్టుకుని ఇత్తడిని ఎందుకు వదిలేస్తుందని. నా చీపురు రోజుల నుంచీ ఉన్న అనుమానం అది. ఎవర్ని అడగాలో తెలియలేదు.

"ప్రతి వస్తువులోనూ ఎలక్ట్రాన్లుంటాయి కదా. ఒక్కోదానికీ స్పిన్ అని ఒక గుణం. దానివల్ల ఒక్కోటీ ఒక బుల్లి అయస్కాంతం."

"స్పిన్నంటే తిరగడమే కదా. బొంగరంలాగానా?"

"పేరే అలా ఉంది. నిజానికి అక్కడ ఏదీ గిరగిరా తిరగదు. ఆ గుణం పుట్టుకతోనే ఉంటుంది, అంతే."

"తిరక్కుండానే తిరుగుడా!"

"మీ అన్నయ్య కోపంలాగా" అంది వదిన. "ఎవరూ ఏమీ అనకుండానే ఉంటుంది."

అమ్మాయి నవ్వి, రెండు పెన్నులు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టింది, ఒకదాని మూత పైకి, ఇంకోదాని మూత కిందికి. "ఇత్తడిలో దాదాపు అన్నీ ఇలా జతలుగా ఉంటాయి. ఒకటి ఇటు, ఒకటి అటు. ఒకదాని బలాన్ని ఇంకోటి కొట్టేస్తుంది. బయటికి ఏమీ తెలియదు. ఇనుములో కొన్నిటికి జత దొరకదు. ఆ ఒంటివన్నీ పక్కవాటిని చూసి ఒకే వైపుకు తిరుగుతాయి. అందుకే అయస్కాంతానికి అంత ఇష్టం."

"ఒంటివాడికి బలమేమిటమ్మా" అన్నాను. పెళ్ళీ పెటాకులూ లేనివాణ్ణి, ఆ మాట నాకు వింతగా ఉంది.

"మరి ఈ మిషన్ మా ఆయన నడుములో ఏం చూస్తుంది? అక్కడ ఇనుమెక్కడిది?" అంది వదిన.

"ఒంట్లో నీళ్ళున్నాయిగా ఆంటీ. నీళ్ళలోని హైడ్రోజన్‌లో ప్రోటాన్ ఉంటుంది. దానికీ స్పిన్ ఉంది, అదీ బుల్లి అయస్కాంతమే. మిషన్ వాటిని కాస్త ఒక వైపుకు మొగ్గేలా చేస్తుంది. రేడియో తరంగంతో మేం కదిలిస్తాం. అవి మళ్ళీ సర్దుకుంటూ చిన్నగా సంకేతం ఇస్తాయి. ఆ సంకేతాలతోనే బొమ్మ తయారవుతుంది."

అన్నయ్య కళ్ళు మూసుకుని వింటున్నాడు. "నాన్న ఉంటే ఈ పిల్లను పట్టుకుని వంద ప్రశ్నలు అడిగేవాడు" అన్నాడు, ఎవరితోనో తెలియదు. నిజమే. ప్రశ్నలు అడిగి, మధ్యలో ఆ పిల్లకు కూడా ఏదో పేరు పెట్టేసేవాడు.

లోపల్నుంచి పిలిస్తే అమ్మాయి వెళ్ళి వచ్చింది. ఈసారి నవ్వు లేదు.

"కంట్లో చిన్న ముక్క కనిపిస్తోంది అంకుల్. ఇన్నాళ్ళూ ఇబ్బంది పెట్టలేదు కాబట్టి భయం లేదు. కానీ ఈ మిషన్‌లోకి పంపం. డాక్టర్ గారితో మాట్లాడాను. పక్క గదిలో ఎక్స్‌రేలతో తీసే స్కాన్ చేస్తాం. ఇంత బాగా రాదు కానీ, ఆపరేషన్‌కు సరిపోవచ్చన్నారు."

"ఇనుమా, ఇత్తడా?" అన్నాను.

"అది ఎక్స్‌రే చెప్పదండీ. కంటితో పందెం కట్టలేం కదా."

అన్నయ్య బల్ల మీదున్న అత్తను తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. పెచ్చూడిన అంచును బొటనవేలితో రాస్తూ కూర్చున్నాడు. వాడి ముఖం చూస్తే, కాలు మొద్దుబారినప్పుడు కూడా అంత దిగాలు పడి ఉండడనిపించింది. కాసేపటికి తలెత్తి సూటిగా నా వైపే చూశాడు. మధ్యలో వదిన లేదు.

"ఒరే, అయితే నాన్న తియ్యలేదా?"

నేను చెప్పింది నిజమైన రోజు అది. "చెప్పానా?" అని ఒక్కమాట అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ బల్ల మీద ఆ రెండు పెన్నులు ఇంకా అలాగే ఉన్నాయి, ఒకటి ఇటు, ఒకటి అటు.

"ఆ రోజు నువ్వు తిప్పుతున్నది ఏంటి?" అన్నాను.

"ఏమో. పొద్దున ఇత్తడి బుష్షులు. తర్వాత ఇనుప షాఫ్టు."

"ఇంకేం మరి. రెండూ పడుంటాయి. ఇనుప నలుసు అత్త తీసేసింది, మనం కళ్ళారా చూశాం. ఇత్తడిది అత్తకు అంటదు. నాన్న కాదు కదా, ఆయన తాత దిగొచ్చినా తియ్యలేడు. ఇప్పుడే కదా ఆ అమ్మాయి చెప్పింది."

అన్నయ్య అమ్మాయి వైపు చూశాడు. ఆమె నా వైపు చూసి, "అలా జరిగి ఉండొచ్చు అంకుల్" అంది మెల్లగా.

"అంతే అయ్యుంటుంది" అన్నాడు అన్నయ్య. "ఇత్తడే. నాన్న చెయ్యాల్సింది చేశాడు."

అది నిజమో కాదో నాకు తెలియదు. ఆ గుడ్డ సంగతి నాకింకా గుర్తుంది.

చక్రాల కుర్చీ తెచ్చారు. అన్నయ్యను ఎత్తి కూర్చోబెట్టాను. తలుపు దాకా వెళ్ళాక, "ఆగండాగండి" అని కుర్చీ ఆపించి, అత్తను నా చేతికిచ్చాడు.

"కింద పడెయ్యకు. దెబ్బ తగిలితే దాని బలం పోతుందని నాన్న అనేవాడు, గుర్తుందా?"

"నాకు చెప్తున్నావా? గడ్డం గీసింది ఎవరు?"

"మాట్లాడుకోవడం అయితే మా ఆయన్ని లోపలికి తీసుకెళ్ళనివ్వండి" అంది వదిన.

తలుపు మూసుకుంది. వదిన పక్కన కుర్చీలో కూర్చుని అత్తను ఒళ్ళో పెట్టుకున్నాను. పైన దుమ్ముంటే చొక్కా అంచుతో తుడిచాను. నా జేబులోని తాళంచెవి చిన్నగా కదిలి, బట్టతో సహా వచ్చి దానికి అంటుకుంది.