నీటి మీది బుడగలు

1983 మార్చి 14 ఉదయం 7 గంటల 40 నిమిషాలకు మునిరత్నం వీపున గాలి సిలిండరుతో రిజర్వాయరులోకి దిగాడు. అది మూడో పరీక్ష. ముందు రెండూ తప్పాడు. ఇదీ తప్పితే డైవరు ఉద్యోగం లేదు.

ఆయనది పాకాల. వయసు నలభై ఒకటి. ఇరవై ఏళ్లుగా సేద్యపు బావుల్లో మునిగి, జారిపడిన మోటార్లు, పైపులు తీసేవాడు. ఒక్క దమ్ములో రెండు నిమిషాలు అడుగున ఉండగలడు. పైన తాడు పట్టుకునేది భార్య గురవమ్మ. ఆమె 1981లో జ్వరంతో చనిపోయింది. మరుసటి ఏడు కరువుకు బావులు ఎండాయి. పిలిచేవాళ్లు లేకపోయారు.

తిరుపతి దగ్గరి ఈ రిజర్వాయరులో తూము తలుపులను నీటి అడుగున బాగుచేసే మనిషి కావాలన్నారు. శిక్షణకు ముగ్గురు వచ్చారు. ఇద్దరు వారంలో వెళ్లిపోయారు. మిగిలిన ఐదు వారాలూ రిజర్వాయరు గట్టు మీది షెడ్డులో మునిరత్నం ఒక్కడే వండుకుని తిన్నాడు.

నేర్పింది బాలసుబ్రమణ్యం. చిత్తూరు మనిషి, నేవీలో డైవరుగా చేసి రిటైరయ్యాడు.

మొదటి పరీక్షలో మునిరత్నం ఊపిరి బిగబట్టి పైకి లేచాడు. బావిలో అదే పద్ధతి. సిలిండరు గాలికి అది పనికిరాదు. లోతున పీల్చిన గాలి పైకి వచ్చేకొద్దీ ఉబ్బుతుంది. వదలకపోతే ఊపిరితిత్తులు చిరుగుతాయి. పక్కనే ఈదుతున్న బాలసుబ్రమణ్యం ఆయన కాలు పట్టి ఆపి, పొట్టలో గుద్ది గాలి వదిలించాడు.

“ఏమప్పా, గాలి దాస్తాండావు? కడుపులో హుండీ ఏమన్నా ఉండాదా?” అన్నాడు ఒడ్డున.

“ఇరవై ఏండ్లు దాచుకోనే బతికినాను సార్.”

“ఈడ దాస్తే సస్తావు. బెదురు పుడితే ఏం చేస్తావు?”

“పైకొస్తా.”

“రావద్దు. ఆడే కూసో. ఊపిరి వదులు, మళ్లా పీల్చు. ఆ తరవాతే చెయ్యి కదిలించు.”

రెండో పరీక్షలో కళ్లనూ ముక్కునూ మూసే అద్దపు మాస్కులోకి నీళ్లు రాగానే మళ్లీ బిగబట్టాడు. ఆ తర్వాత రోజూ మూడడుగుల లోతు కాలవలో మోకాళ్ల మీద కూర్చుని మాస్కు తీయడం, పెట్టుకోవడం, ముక్కుతో ఊది నీళ్లు పోగొట్టడం చేశాడు. పైకి లేచేటప్పుడు రాగం తీయమన్నాడు బాలసుబ్రమణ్యం. అలా చేస్తే గాలి దానంతటదే పోతుంది.

“నాకు పాడేది రాదు సార్.”

“చేపలేమన్నా టికెట్టు కొన్న్యాయా? ఊ అను, సాలు.”

మూడోసారి మునిరత్నం ఒంటరిగా దిగాడు. బాలసుబ్రమణ్యం పడవలో వాచీ పెట్టుకుని బుడగలు చూస్తున్నాడు. లోతు ముప్ఫై ఒక్క అడుగులు. అడుగున మాస్కు తీసి, పెట్టుకుని, మెల్లగా పైకి రావాలి. బుడగలు ఐదు సెకన్లు ఆగితే పరీక్ష పోయినట్టే.

7:46కు ఆగాయి. బాలసుబ్రమణ్యం లేచి నిలబడ్డాడు. నాలుగో సెకనులో మళ్లీ వచ్చాయి.

“మాస్కు తీసినాక పైన ఎవురూ లేనట్టు అనిపించింది. పైకి తన్నుకోబోయినాను. కూసోని ఊ అన్న్యాను,” అని మునిరత్నం తర్వాత చెప్పాడు.

7:52కు తల నీటి పైకి వచ్చింది. బాలసుబ్రమణ్యం రిజిస్టరులో పాస్ అని రాశాడు.

ఏప్రిల్ 2న మునిరత్నం డ్యూటీలో చేరాడు. కబురు పంపడానికి ఇంట్లో ఎవరూ లేరు. పాకాలలో పక్కింటి చంద్రకాంతమ్మకు కూడా ఆ సంగతి మే నెలలోనే తెలిసింది.