శెనక్కాయల వాసన

శుక్రవారం సాయంత్రం టీలయ్యాక, మాదాపూర్‌లోని ఆ ఆఫీసు ప్యాంట్రీలో నలుగురు పేకముక్కలు పట్టుకుని కూర్చునేవారు. ఆడేది పోకరే గానీ డబ్బు లేదు, చక్కెర పొట్లాలే పందెం. తలా ఓ గుప్పెడు పంచుకుని మొదలుపెడతారు. ఎవరివి ముందు ఖాళీ అయితే వాళ్లకు ఆ శని, ఆదివారాలు సపోర్ట్ డ్యూటీ. ఆఫీసుకొచ్చి కూర్చోవాలి, లాప్‌టాప్ ముందునుంచి కదలడానికి లేదు. ఈ సంగతి మేనేజర్‌కూ తెలుసు. ఎవరో ఒకరు దొరికితే చాలు ఆయనకు.

ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ యశ్వంతే.

అతని ఆట చెడ్డదేం కాదు. చిక్కంతా వాసనతో వచ్చింది. అనంతపురం జిల్లాలో పుట్టిన యశ్వంత్‌కు చిన్నప్పటినుంచీ ఏదన్నా గట్టిగా కావాలనిపిస్తే ఒంట్లోంచి వేయించిన శెనక్కాయల వాసన వస్తుంది. కొందరికి చెమట ఎక్కువ పట్టినట్టు, ఇతనికి ఇది. కూరగాయలామె ఆ వాసన పట్టి బెండకాయల ధర పెంచేసేది. జీతం పెంచమని అడగబోతే మేనేజర్ ఓసారి గాలి పీల్చుకుని, ఇంత ఆశపడేవాడు ఎక్కడికి పోతాడులే అని సగానికే బేరం తెంపేవాడు. ఇక పేకాట సంగతి చెప్పాలా? మంచి ముక్కలు పడ్డాయంటే ప్యాంట్రీ అంతా ఘుమఘుమ. పక్కన కూర్చున్న హరిత ముక్కు ఎగబీల్చి, "అమ్మో, నేను లేను బాబూ" అని ముక్కలు బోర్లా పడేసేది. సాయిచంద్ కూడా అంతే. వాసన రానప్పుడు మాత్రం ఇద్దరూ ఎగబడి పందెం పెంచేవారు.

గోపన్‌పల్లి ఫ్లాట్‌లో అతని భార్య శిరీష సెలవు రోజుల్లో ఒంటరిగా టీవీ చూసేది. ఆమెదీ ఐటీ ఉద్యోగమే. ఇద్దరూ తీరిగ్గా మాట్లాడుకునే వీలున్నది ఆ రెండు రోజులే, అవి కాస్తా డ్యూటీకి పోయేవి. అతను గేటు దాటుతుండగానే వాచ్‌మన్ కొమురయ్య పలకరించేవాడు. "ఏంది సారూ, మళ్ల ఓడినవా? పల్లీల వాసన ఈడిదాకా కొడుతుంది. మేడం మీద పానం గుంజుతున్నట్టుంది."

శిరీష తలుపు తీసి, ఆ వాసనకు నవ్వు ఆపుకోలేకపోయేది. తనను ఒక మనిషి ఇంతగా కోరుకుంటున్నాడని రోజూ ముక్కుతో తెలుసుకునే అదృష్టం ఏ భార్యకుంది?

"ఒక్కసారన్నా గెలువప్పా" అనేది.

అతనికీ అదే పట్టుదల. అంత పట్టుదల ఉండబట్టే ఓడిపోయేవాడు.

నాలుగో ఆటగాడు రామ్మోహనరావు కాకినాడ మనిషి, టీమ్‌లో అందరికన్నా పెద్దవాడు. జాలిపడి ఓరోజు పక్కకు పిలిచాడు.

"చూడండి యశ్వంత్ గారూ, మీరు గెలుపు వైపు చూస్తున్నారండి. ముక్కలు చూడండి చాలు. సరిగ్గా ఆడామా లేదా, అంతవరకే మన పని. తర్వాత పొట్లాలొస్తే రానివ్వండి, పోతే పోనివ్వండి. అసలు శనివారం అనేది ఒకటుందనే మర్చిపోండి."

"శనివారం కోసమే కదండీ నేను ఆడేది?"

"అదేనండి మీ జబ్బు."

యశ్వంత్ మొండివాడు. సాధన మొదలుపెట్టాడు. ముందు టీ మీద. కప్పు ఎదురుగా పెట్టుకుని, తాగినా సరే తాగకపోయినా సరే అనిపించేదాకా కూర్చునేవాడు. తర్వాత పొద్దున తినే బొరుగుల ఉగ్గాని, క్రికెట్, ప్రమోషన్, నిద్ర. ఒక్కొక్కటే వదిలించుకుంటూ పోయాడు. వాసన పలచబడుతూ వచ్చి, ఎండాకాలం పోయేసరికి పూర్తిగా ఆగిపోయింది.

ఇక గెలుపే గెలుపు. హరిత ఎంత ఎగబీల్చినా సబ్బు వాసన తప్ప తగలదు. అతని చేతిలో ఉన్నవి మంచి ముక్కలో చెత్త ముక్కలో ఎవరికి తెలుస్తుంది? కూరగాయలామె దిగొచ్చింది. ప్రమోషన్ కూడా వచ్చిపడింది. మేనేజర్ చెయ్యి కలిపితే "థాంక్యూ" అని ఊరుకున్నాడు.

ఇప్పుడు సెలవులన్నీ ఇంట్లోనే. శిరీష సంబరపడిపోయి సినిమాకు పోదామంది. సరేనన్నాడు. ఇంకో వారం వద్దులే అంది. దానికీ సరేనన్నాడు. ఏం వండమంటావంటే ఏదైనా సరే. కర్టెన్లు ఏ రంగువి కొందామంటే ఏదైనా సరే. ఉత్తి సరేలతో కాపురం ఎన్నాళ్లు సాగుతుంది?

"ఏంది మేడం, ఈ నడుమ పల్లీల వాసన వస్తలేదు? సారుకు పానం మంచిగ లేదా?" అని కొమురయ్య అడిగితే, శిరీష గబగబా లిఫ్టెక్కేసింది.

ఒక శనివారం భోజనాలయ్యాక ఆమె అతని ఎదురుగా కూర్చుంది.

"నన్ను బెంగుళూరు ఆఫీసుకు పొమ్మంటాండారు. పోతే ఇంగ అక్కడే. సోమవారం జవాబు చెప్పల్ల. నువ్వేమంటావు?"

యశ్వంత్ ఆలోచించాడు. ఇలాంటప్పుడు ఏ మొగుడైనా అనాల్సిన మాట ఏదో అతనికి తెలుసు. అదే అన్నాడు.

"పోవద్దు శిరీషా. నువ్వు లేకపోతే నేనుండలేను."

శిరీష దగ్గరికి జరిగింది. అతని మెడకు ముక్కు ఆనించి, కళ్లు మూసుకుని, ఊపిరి లోపలికి తీసుకుంది. చాలాసేపు అలాగే ఉంది.

"ఇంకొకసారి చెప్పు."

చెప్పాడు. ఈసారి ఇంకా బాగా చెప్పాడు.

ఆమె లేచి నిలబడింది. కళ్లు నిండిపోయాయి. "నా దగ్గర కూడా ముక్కలు దాస్తివి గదప్పా" అంది. "దాచినావో, అసలు లేనేలేవో, అది కూడా తెలియకుండా చేస్తివి."

శిరీష బెంగుళూరు వెళ్లిపోయింది. యశ్వంతే దగ్గరుండి పెట్టెలు బస్సెక్కించాడు. ఇక్కడ ఏడుపు రావాలని అతనికి తెలుసు. రాలేదు. ఖాళీ ఫ్లాట్‌లో శని, ఆదివారాలు గోడలు చూస్తూ కూర్చున్నాడు. దుఃఖం లేని మనిషికి కూడా పొద్దు పోవాలి కదా.

అందుకని మరుసటి శుక్రవారం ఓడిపోదామని కూర్చున్నాడు. డ్యూటీ పడితే చేయడానికి పనన్నా ఉంటుంది, అంతకుమించి పట్టుదలేం లేదు. ఎందుకూ పనికిరాని రెండు ముక్కలు చేతికి రాగానే ఉన్న పొట్లాలన్నీ మధ్యలోకి తోసేశాడు.

సాయిచంద్ గాలి పీల్చి చూశాడు. ఏమీ తగల్లేదు. అన్నీ తోశాడంటే మంచి ముక్కలే అయ్యుంటాయని భయపడి ముక్కలు పడేశాడు. హరితా పడేసింది. "అద్భుతమండీ, నేర్చేసుకున్నారు" అంటూ రామ్మోహనరావు తప్పుకున్నాడు. యశ్వంత్ మళ్లీ చెత్త ముక్కలతోనే అన్నీ తోశాడు. మళ్లీ అందరూ తప్పుకున్నారు. ప్రతి పంపకానికీ ముందుగా వేయాల్సిన పొట్లాలతోనే కరిగి కరిగి చివరికి సాయిచంద్ చెయ్యి ఖాళీ అయింది. డ్యూటీ అతనికి పడింది.

హరిత ముక్కలు సర్దుతూ నవ్వింది.

"పో యశ్వంత్, ఈ శనాదివారాలు కూడా నీవే. శిరీష ఎదురుచూస్తుంటుంది. నేనడిగానని చెప్పు."

"చెప్తా" అన్నాడు యశ్వంత్.