క్లారీ కంచె మీద ఏడు గుడ్లు

ఉనా భూతద్దం కంటికి ఆనించి ఆకుల అడుగున వెతికింది. ఏడు గుడ్లు. పసుపు పోయి పైన నల్లచుక్క తేలింది. గంటలో పగిలి పిల్లలొస్తాయి.

కానీ గుడ్లు పెట్టిందే తప్పు ఆకు మీద. మేలెనీ కొండల్లోని బర్డ్‌వింగ్ సీతాకోకచిలుక గొంగళిపిల్లలకు అక్కడి అడవి తీగే తిండి. క్లారీ కంచె మీద అల్లుకున్నది డచ్‌మన్స్ పైప్ అనే తోట తీగ, దాని ఆకు విషం. వాసనకు మోసపోయి తల్లి దీనిమీదా గుడ్లు పెడుతుంది. ఒక్క కొరుకు కొరికితే పిల్ల చస్తుంది.

"మళ్ళీ వచ్చావా?" పొరుగింటి క్లారీ వరండాలోంచి అరిచాడు. "పోయిన నెల తీగ కొట్టెయ్యమని చీటీ పెట్టి పోయావు. ఇది ఐల్సా నాటింది. మా ఆవిడ పోయి రెండేళ్ళయినా కాలేదు, ఏం తొందర నీకు?"

"తీగ జోలికి రానులే ముసలాడా. ఏడు ఆకులివ్వు చాలు."

"ఏడేనా? ఒక్క బిస్కెట్టని డబ్బా ఖాళీ చేసే మనిషివి!"

గొణుగుతూనే కత్తెర తెచ్చిచ్చాడు.

గుడ్డున్నచోట ఆకుముక్కలు కత్తిరించి, తన పెరట్లోని అడవి తీగకు బట్టల క్లిప్పులతో తగిలించింది ఉనా. వెనకే వచ్చిన క్లారీ వంగి చూశాడు.

"పుట్టిందే! ఏదో తింటోంది!"

"పెంకు. ముందు దాని పెంకే తింటుంది."

"తర్వాత?"

ఉనా తగిలించిన ఆకుముక్కలకేసి చూసింది. తొందరలో ప్రతి గుడ్డు చుట్టూ వేలెడంత ఆకు వదిలేసింది. పెంకు అయిపోతే కాళ్ళ కింద ఉన్నది విషమే.

"బ్రష్! ఆ బల్ల మీద, సన్నది!"

పెంకు ముగించిన పిల్లను ముగించినట్టే కుంచెతో ఎత్తి మంచి ఆకు మీదికి దించింది. ఒకటి, రెండు, ఐదు. చివరి రెండు గుడ్లూ ఒకేసారి పగిలాయి. అటు తిరిగేసరికి ఆ విషపు ఆకుముక్కల అంచుల్లో రెండు చిన్న గాట్లు పడ్డాయి.

సాయంత్రానికి ఆ రెండు పిల్లలూ వాడి వేలాడాయి. మిగతా ఐదూ మేస్తున్నాయి.

"ఒక్క కొరుకుకేనా?" అన్నాడు క్లారీ.

"ఒక్క కొరుకుకే."

అతను కంచె మీది ఐల్సా తీగకేసి తిరిగాడు.

"నీ రంపం తెచ్చుకో. నేను కొయ్యలేను, నువ్వే కొయ్యి. వేరుతో సహా తీసెయ్, లేకపోతే మళ్ళీ చిగురిస్తుంది."